ఎస్‌హెచ్‌ఎన్ తోక ఉన్న పాటల ఫైళ్లు తెరవడం ఎలా? (కిన్నెర రికార్డింగులు, 2002)

పానగల్లు · జనవరి 11, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే అటక మీద మా బాబాయి ట్రంకు పెట్టె దొరికింది. ఆయన 2021లో పోయారు. పెట్టెలో పాత స్వెట్టర్ల మడతల మధ్య ఒక సీడీ ఉంది. దాని మీద మార్కరుతో "కిన్నెర, లింగాల వైపు, 2002" అని రాసి ఉంది. బాబాయి నాలుగేళ్లు అమెరికాలో ఉద్యోగం చేసి వచ్చి, ఆ ఏడాదంతా పాలమూరు ఊళ్లలో తిరిగి పాటలు రికార్డు చేశారని ఇంట్లో చెప్పుకునేవారు. ఆ పాటలు మేమెవరం వినలేదు.

సీడీలో తొమ్మిది ధ్వని ఫైళ్లు, రెండు చిన్న అక్షరాల ఫైళ్లు ఉన్నాయి. ధ్వని ఫైళ్ల పేర్ల చివర ఎస్‌హెచ్‌ఎన్ అని ఉంది. ఫోనులో తెరుచుకోవు, కంప్యూటర్‌లోనూ తెరుచుకోవు. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఒక దుకాణంలో చూపిస్తే "వైరస్ అయి ఉంటుంది, ఫార్మాట్ చేసి ఇస్తాం" అన్నారు. దండం పెట్టి బయటికి వచ్చాను. ఇవేమిటో ఎవరికైనా తెలుసా?

డిండి_ఒడ్డు · జనవరి 11, రాత్రి 9:31

ఏదో ఒక కన్వర్టర్ దొరుకుతుంది. అన్నీ ఎంపీత్రీ చేసుకొని ఫోనులో వేసుకోండి. ఈ రోజుల్లో సీడీ ఎవరు వాడుతున్నారు? పని అయిపోయాక పారేయండి.

పిల్లలమర్రి · జనవరి 11, రాత్రి 10:05

పానగల్లు గారూ, ఆ సీడీని పారేయకండి, ఎంపీత్రీ మాట కూడా ఇప్పుడే ఎత్తకండి. డిండి గారు నన్ను క్షమించాలి.

మీ దగ్గర ఉన్నవి షార్టెన్ ఫైళ్లు. వైరస్ కాదని రుజువు కావాలంటే ఒక ఫైలును, బైట్లను ఉన్నది ఉన్నట్టు చూపే హెక్స్ ఎడిటర్‌లో తెరిచి మొదటి నాలుగు బైట్లు చూడండి. ఏ, జే, కే, జీ అని చిన్న బడి అక్షరాలు వరుసగా కనిపిస్తే అది షార్టెనే.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ శాఖలో మాటల గుర్తింపు మీద పనిచేసిన టోనీ రాబిన్సన్ దీన్ని తయారు చేశారు. దీని గురించిన సాంకేతిక నివేదిక 1994లో వచ్చింది. ధ్వనిని ఒక్క బిట్టు కూడా పోకుండా దాదాపు సగానికి కుదించి, మళ్లీ అచ్చం మొదట ఉన్నట్టే విప్పగలగడం దీని పని. అమెరికాలో సంగీత కచేరీలకు వెళ్లి రికార్డు చేసుకొని, వాటిని డబ్బు తీసుకోకుండా ఒకరికొకరు పంచుకునే బృందాలు ఉండేవి. 1990ల చివర వాళ్లందరి చేతుల్లోనూ ఈ ఫైళ్లే. మీ బాబాయి అక్కడున్న కాలం సరిగ్గా అదే కాబట్టి ఈ అలవాటు అక్కడే అబ్బి ఉంటుంది. ఆనాడు మన దగ్గర ఒక్కో సీడీలో వంద ఎంపీత్రీ పాటలు కుక్కి అమ్మేవారు. అలాంటి కాలంలో పాలమూరు కిన్నెరను షార్టెన్‌లో దాచిన మనిషి మామూలు మనిషి కాదు.

పానగల్లు · జనవరి 11, రాత్రి 10:40

చూశాను సార్. ఏ, జే, కే, జీ ఉన్నాయి! మరి ఇప్పుడు ఇది ఎందుకు తెరుచుకోవడం లేదు?

పిల్లలమర్రి · జనవరి 12, ఉదయం 6:20

వాడేవాళ్లు వదిలేశారు కాబట్టి. 2001 జూలైలో జాష్ కోల్సన్ అనే ఆయన, షార్టెన్ లాగే ఏమీ పోకుండా కుదించే ఫ్లాక్ అనే పద్ధతి మొదటి పూర్తి రూపం విడుదల చేశారు. ఎవరైనా, దేనికైనా, వ్యాపారానికైనా ఉచితంగా వాడుకోవచ్చు. షార్టెన్ మూలం అందరికీ కనిపించేదే అయినా వ్యాపారానికి వాడకూడదన్న షరతు ఉండేది. ప్లేయర్లు తయారు చేసే కంపెనీ అలాంటిదాన్ని ఎందుకు పెట్టుకుంటుంది? 2003లో ఫ్లాక్, ఉచిత ధ్వని పద్ధతులను చూసుకునే జిఫ్ సంస్థ గొడుగు కిందికి వెళ్లింది. 2024 డిసెంబరులో దానికి ఇంటర్నెట్ ప్రమాణ పత్రం కూడా వచ్చింది. షార్టెన్ మాత్రం ఉన్నచోటే ఆగిపోయింది.

షరతు ఒక్కటే కారణం కాదు. షార్టెన్ ఫైలులో పాట మధ్యలోకి నేరుగా వెళ్లే దారి మొదట్లో లేదు. తరువాత ఎవరో ఫైలు చివర ఒక పట్టిక అతికించి ఆ సౌకర్యం తెచ్చారు. పాట పేరు, పాడినవారి పేరు రాసుకోవడానికి చోటు లేదు. అన్నిటికంటే పెద్ద లోపం, లోపల ఉన్న ధ్వని చెడిందో లేదో ఫైలు తనంతట తాను చెప్పలేదు.

తెరవడం మాత్రం కష్టం కాదు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత పరికరం షార్టెన్‌ను ఇప్పటికీ చదువుతుంది. దానికి మీ ఫైలు పేరు, కావలసిన ఫ్లాక్ పేరు ఇస్తే చాలు. అంతకంటే ముందు సీడీలో ఉన్నదంతా హార్డ్ డిస్కులోకి ఎక్కించండి. ఆ రెండు అక్షరాల ఫైళ్లలో ఏముందో ఇక్కడ రాయండి.

డిండి_ఒడ్డు · జనవరి 12, ఉదయం 8:02

ఒక అమాయకపు ప్రశ్న. ఒక్క బిట్టు కూడా పోకుండా సైజు సగానికి ఎలా తగ్గుతుంది? సగం బియ్యం తీసేయకుండా బస్తా సగం ఎలా అవుతుంది?

పిల్లలమర్రి · జనవరి 12, ఉదయం 9:15

మంచి ప్రశ్న. బియ్యంతో కుదరదు, నీళ్లతో చెబుతాను.

నాగార్జునసాగర్ నిండు మట్టం 590 అడుగులు. రోజూ మట్టం రాసే రిజిస్టరు ఒకటి ఉందనుకోండి. 589.4, 589.3, 589.2 అని రోజుకు నాలుగు అంకెలు రాయాలి. బద్ధకం ఉన్న గుమాస్తా ఏం చేస్తాడు? మొదటి రోజు మాత్రం పూర్తిగా రాసి, మర్నాటి నుంచి "ఒకటి తగ్గింది, ఒకటి తగ్గింది" అని గీతలు పెడతాడు. ఏ రోజు మట్టం కావాలన్నా ఆ గీతలు కూడితే అచ్చంగా వస్తుంది. ఏమీ పోలేదు, కాగితం మిగిలింది.

ఇంకా బద్ధకస్తుడైతే? "రోజుకు ఒకటి తగ్గుతూనే ఉందిగా, రేపూ ఒకటే తగ్గుతుంది" అని ముందే ఊహించి, ఊహకు, నిజానికి ఉన్న తేడా మాత్రమే రాస్తాడు. ఊహ నిజమైన రోజు సున్న. షార్టెన్ ఆ రెండో గుమాస్తా. సీడీ నాణ్యత ధ్వనిలో సెకనుకు, ఒక్కో ఛానెల్‌కు 44,100 నమూనాలు, అంటే ధ్వనిని కొలిచి రాసిన అంకెలు, ఉంటాయి. వాటిని మామూలుగా 256 చొప్పున గుంపులు చేస్తుంది. ఒక్కో గుంపుకు నాలుగు ఊహలు వేసి చూస్తుంది. ఏమీ ఊహించకపోవడం ఒకటి. నిన్నటిదే నేడూ అనుకోవడం రెండోది. నిన్న, మొన్నల మీదుగా గీత గీసి చూడడం మూడోది. వంపు తిరిగిన గీత నాలుగోది. ఏది తక్కువ తప్పితే అది తీసుకుంటుంది.

మిగిలిన తప్పులు చాలావరకు చిన్న అంకెలు. వాటిని రాసే పద్ధతి పేరు రైస్ కోడింగ్. మన అన్నం కాదు, రాబర్ట్ రైస్ అనే ఆయన పేరు. చిన్న అంకెకు చిన్న గుర్తు, పెద్ద అంకెకు పెద్ద గుర్తు. ఉదాహరణకు 9ని నాలుగుతో భాగిస్తే 2 వస్తుంది, 1 మిగులుతుంది. రెండు సున్నలు, ఒక ఒకటి, ఆ తరువాత మిగిలిన ఒకటికి రెండు బిట్లు. మొత్తం అయిదు బిట్లు. కుదించకపోతే ఏ నమూనాకైనా 16 బిట్లు కావాలి.

వరదొచ్చి గేట్లు ఎత్తిన రోజు మాత్రం గుమాస్తా ఊహలన్నీ తలకిందులవుతాయి. ఆ రోజు రిజిస్టరులో పెద్ద అంకెలే.

డిండి_ఒడ్డు · జనవరి 12, ఉదయం 9:24

ఇప్పుడు అర్థమైంది. ఎంపీత్రీ గుమాస్తా "ఈ అంగుళం తేడా ఎవరికి కనిపిస్తుందిలే" అని రాయనే రాయడు, అంతేనా?

పిల్లలమర్రి · జనవరి 12, ఉదయం 9:26

సరిగ్గా అంతే. చెవికి వినబడదనుకున్నది వదిలేస్తాడు. చాలాసార్లు ఆయన మాటే నిజమవుతుంది కూడా.

అక్షరమాల · జనవరి 12, మధ్యాహ్నం 1:10

మిర్యాలగూడ ఆడపడుచును, ఇప్పుడు హైదరాబాదులో మాటల గుర్తింపు మీద పని చేస్తున్నాను. షార్టెన్ పేరు చూసి ఆగలేక రాస్తున్నాను. మా రంగంలో పాత ఇంగ్లీషు మాటల సేకరణలు సీడీల మీద వచ్చేవి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని భాషా సమాచార సంస్థ వాటిని పంచేది. ఆ ఫైళ్ల పద్ధతి పేరు స్పియర్. చాలా స్పియర్ ఫైళ్లలో ధ్వని షార్టెన్‌తోనే కుదించి ఉంటుంది. మొదటిసారి నేను వాటిని తెరిచినప్పుడు ఉత్త హోరు వచ్చి చెవులు పట్టుకున్నాను. విప్పకుండానే వినబోయానన్న సంగతి రెండు రోజులకు తెలిసింది. రాబిన్సన్ గారిదీ ఇదే రంగం కాబట్టి ఆశ్చర్యం ఏమీ లేదు. మాటల కోసం పుట్టినది పాటల వాళ్ల చేతికి వెళ్లింది, అంతే.

పానగల్లు · జనవరి 12, రాత్రి 8:45

మూడు కబుర్లు. ఒకటి మంచిది, ఒకటి చెడ్డది, ఒకటి ఏ రకమో నాకే తెలియదు.

మంచిది: ఎనిమిది ఫైళ్లు తెరుచుకున్నాయి! నాలుగింటిలో కిన్నెర, నాలుగింటిలో కురుమూర్తి జాతర గుంపు, డప్పులు. మొదటి కిన్నెర ఫైలులో ఒక పెద్దాయన కిన్నెర మీటుతూ పండుగ సాయన్న కథ ఎత్తుకున్నాడు. మా నాన్నగారు కుర్చీలో నుంచి లేచి వచ్చి కంప్యూటర్ పక్కన నేల మీద కూర్చున్నారు.

చెడ్డది: ఏడో ఫైలు సీడీ నుంచి దిగడమే లేదు. సగం దాకా వచ్చి ఆగిపోతోంది. వచ్చినంత వరకు విప్పితే ఏడు నిమిషాల ఇరవై సెకన్ల దగ్గర పాట ఠక్కున ఆగిపోయింది.

మూడోది ఆ అక్షరాల ఫైళ్లు. ఒకదానిలో బాబాయి ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకున్నారు. అందులో ఇలా ఉంది: "మినీడిస్కు, మోనో. హెడ్‌ఫోన్ తీగతో కంప్యూటర్‌లోకి. 3 నుంచి 7 దాకా కిన్నెర, ఒక్కోటి 12 నిమిషాలు. ఏదీ కత్తిరించలేదు. రెండో ప్రతి వనపర్తి మాస్టారికి." రెండో ఫైలులో తొమ్మిది వరుసలు, ఒక్కో వరుసలో 32 అక్షరాలు, అంకెలు కలగాపులగంగా ఉన్నాయి.

మైకుసెట్టు · జనవరి 12, రాత్రి 9:03

మినీడిస్కా! అయితే అయ్యవార్ల చర్చంతా గాలికి పోయినట్టే. సోనీ వాళ్ల మినీడిస్కు అట్రాక్ అనే పద్ధతిలో రికార్డు చేస్తుంది. సీడీ ధ్వని సెకనుకు 1,411 కిలోబిట్లైతే అది 292కే కుదిస్తుంది. అంటే రికార్డు అవుతున్నప్పుడే ధ్వని కొంత పోయింది. పోయినదాన్ని "ఏమీ పోని" ఫైలులో భద్రంగా దాచారన్నమాట. చిల్లి కుండకు వెండి మూత.

నేను పెళ్లిళ్లకు మైకు సెట్లు పెట్టేవాడిని, కొంచెం మొరటుగా మాట్లాడతాను. ఏమీ అనుకోకండి.

పిల్లలమర్రి · జనవరి 12, రాత్రి 9:40

మొరటుతనం ఏమీ లేదు, మీరన్నది నిజం. ఏమీ పోదు అంటే లోపలికి వచ్చినది పోదని, అంతే. రాకముందు పోయినదానికి షార్టెన్ బాధ్యత వహించదు. పైగా షార్టెన్‌కు కొంచెం నష్టపోయి కుదించే పద్ధతి కూడా ఉంది. కాబట్టి తోకను చూసి అంతా భద్రం అనుకోవడానికీ లేదు.

అయినా కుండ గురించి నా వాదన వేరు. ఒకసారి చిల్లి పడింది కదా అని రెండోసారి పొడుచుకోము. 2002లో లింగాల వైపు పల్లెలో చేతిలో పట్టే రికార్డరు ఉండటమే గొప్ప. మోనోలో పెట్టడం తెలివైన పని, 74 నిమిషాల డిస్కు మీద 148 నిమిషాలు పడుతుంది.

మోనో అన్నారు కాబట్టి పానగల్లు గారికి ఒక చిన్న పని. విప్పిన ఒక కిన్నెర ఫైలును ఫ్లాక్ చేసి రెండు సైజులూ చెప్పండి. నాకు ఒక అనుమానం ఉంది.

పానగల్లు · జనవరి 12, రాత్రి 10:02

మూడో ఫైలు షార్టెన్‌లో 61 మెగాబైట్లు. ఫ్లాక్‌లో 42. కుదించకుండా విప్పితే 127. ఇంత తేడానా?

పిల్లలమర్రి · జనవరి 12, రాత్రి 10:15

అనుకున్నదే. షార్టెన్ ఎడమ ఛానెల్‌ను, కుడి ఛానెల్‌ను దేనికదే వేరుగా రాస్తుంది. రెండింటిలోనూ ఒకే పాట ఉందని దానికి తెలియదు. ఒకే ఉత్తరం రెండుసార్లు రాసి రెండు కవర్లలో పెట్టినట్టు. ఫ్లాక్ అలా కాకుండా రెండు ఛానెల్‌ల సగటు, వాటి మధ్య తేడా చూసుకోగలదు. మోనో కాబట్టి తేడా దాదాపు సున్న. హెడ్‌ఫోన్ తీగ మీదుగా వచ్చింది గనుక కొద్దిపాటి గరగర రెండు వైపులా వేరుగా ఉంటుంది, లేకపోతే ఇంకా తగ్గేది.

ఆ 32 అక్షరాల వరుసలు బంగారం. వాటి పేరు ఎండీ5. ఫైలు మొత్తాన్ని లెక్కకట్టి వచ్చిన వేలిముద్ర. షార్టెన్ తనను తాను తనిఖీ చేసుకోలేదన్నాను కదా, అందుకే కచేరీల వాళ్లు ప్రతి సీడీతో ఈ ఫైలు జత చేసేవారు. ఎనిమిది ఫైళ్లకు లెక్క కట్టి పోల్చండి.

పానగల్లు · జనవరి 13, ఉదయం 7:10

ఏడు సరిపోయాయి. తొమ్మిదో ఫైలు సరిపోలేదు. కానీ పాట మొత్తం చక్కగానే వినిపిస్తోంది. రాత్రంతా నిద్ర పట్టలేదు.

పిల్లలమర్రి · జనవరి 13, ఉదయం 7:48

కంగారు వద్దు. తొమ్మిదో ఫైలు చివరి బైట్లు చూడండి. పెద్ద బడి అక్షరాల్లో ఎస్‌హెచ్‌ఎన్‌ఏఎంపీఎస్‌కే అని ఉందా?

పానగల్లు · జనవరి 13, ఉదయం 8:05

ఉంది.

పిల్లలమర్రి · జనవరి 13, ఉదయం 8:11

అదే నేను చెప్పిన పట్టిక. పాట మధ్యలోకి దూకడానికి వీలుగా మీ బాబాయి వేలిముద్ర తీసిన తరువాత దాన్ని అతికించారు. ఫైలు మారింది కాబట్టి వేలిముద్ర మారింది, ధ్వని మారలేదు. ఆ పట్టిక తీసేసి మళ్లీ లెక్క కట్టండి, సరిపోతుంది. వెళ్లి నిద్రపోండి.

గద్వాల_జరీ · జనవరి 13, ఉదయం 11:30

నిన్నటి నుంచి చదువుతున్నాను. మా ఇంట్లో కరెంటు బిల్లు కూడా ఇంత శ్రద్ధగా చూడరు. ఏడో ఫైలు సంగతి ఎవరూ మాట్లాడరేమిటి?

పిల్లలమర్రి · జనవరి 13, మధ్యాహ్నం 12:20

మాట్లాడటానికి మనసు రాలేదు, అందుకే.

సమాచారం రాసిన సీడీలో ఒక్కో సెక్టారులో, అంటే ఒక్కో ముక్కలో, 2,352 బైట్లు ఉంటాయి. అందులో మన ఫైలు 2,048. మిగిలిన వాటిలో 276 బైట్లు కేవలం గీతలు, మరకలు సరిదిద్దుకోవడానికే. అది కూడా చేతులెత్తేసిన చోట ఆ 2,048 బైట్లు పోయినట్టే.

ఫ్లాక్ ఫైలు అయితే ఆ చోట పదో వంతు సెకను పాట ఎగిరి, మళ్లీ అందుకునేది. ఒక్కో ముక్క మొదట్లో "ఇక్కడ మొదలు" అన్న గుర్తు, చివర తనిఖీ అంకె ఉంటాయి. షార్టెన్‌లో అలాంటి గుర్తులు లేవు. బిట్లు ఒకదాని వెనక ఒకటి గొలుసులా సాగిపోతాయి. నడుమ ఒక కొక్కెం తెగితే ఆ తరువాతి అంకె ఎక్కడ మొదలైందో తెలియదు. తెలిసినా ఊహ వేయడానికి వెనకటి నమూనాలు లేవు. కాబట్టి మిగిలిన ఫైలంతా డిస్కు మీద శుభ్రంగా ఉన్నా మనకు వినబడదు.

రెండో ప్రతి ఉన్న ఆ వనపర్తి మాస్టారు ఎవరో కనుక్కోండి.

అక్షరమాల · జనవరి 13, మధ్యాహ్నం 2:05

ఏడో ఫైలు సైజు ఎంత? సీడీ జాబితాలో కనిపిస్తుంది కదా.

పానగల్లు · జనవరి 13, మధ్యాహ్నం 2:30

80 మెగాబైట్లు అమ్మా. మిగిలిన నాలుగు కిన్నెర ఫైళ్లు 60, 61 దగ్గర ఉన్నాయి.

అక్షరమాల · జనవరి 13, మధ్యాహ్నం 3:12

అయితే ఒక విచిత్రం ఉంది. అన్నీ 12 నిమిషాలవే. మీకు వినబడిన ఏడు నిమిషాల ఇరవై సెకన్లు ఫైలులో ఎంత వరకు వచ్చాయో లెక్క వేస్తే 37 మెగాబైట్లు, అది మామూలే. అంటే మిగిలిన నాలుగు నిమిషాల నలభై సెకన్లకు 43 మెగాబైట్లు పట్టాయి. అంతసేపటి ధ్వని అసలు కుదించకపోతే 49. అంటే అక్కడ షార్టెన్ ఊహలు దాదాపు ఏవీ ఫలించలేదు. ఏడో నిమిషం తరువాత అక్కడ ఏదో జరిగింది. కిన్నెర, గొంతు మాత్రమే కాదు.

మైకుసెట్టు · జనవరి 13, మధ్యాహ్నం 3:40

వాన అయి ఉంటుంది. రేకుల కప్పు మీద వాన పడితే మైకు నిండా ఆ హోరే. ఆ చిన్న రికార్డర్లు నిశ్శబ్దం రాగానే తమంతట తామే ధ్వని పెంచుకుంటాయి కూడా.

గద్వాల_జరీ · జనవరి 13, మధ్యాహ్నం 3:52

2002లో పాలమూరులో వానా? ఆ ఏడాది కరువు మీకు గుర్తులేదా?

డిండి_ఒడ్డు · జనవరి 13, సాయంత్రం 5:15

సాగర్ గేట్లు ఎత్తారు, గుమాస్తా రిజిస్టరు పెద్ద అంకెలతో నిండింది. మొన్నటి పాఠం నాకు బాగా ఎక్కింది.

పానగల్లు · జనవరి 16, రాత్రి 9:50

పండగ మూడు రోజులూ ఫోన్లు చేయడంతోనే సరిపోయింది. వనపర్తి మాస్టారు దొరికారు. బాబాయికి కాలేజీలో సీనియరు, తెలుగు పండితులుగా పదవీ విరమణ చేశారు. సీడీ ఆయన దగ్గర ఉంది. పంపమంటే "కొరియరులో వేయను, వచ్చి తీసుకువెళ్లు" అన్నారు. ఆదివారం బయలుదేరుతున్నాను.

పిల్లలమర్రి · జనవరి 16, రాత్రి 10:20

వెళ్లేటప్పుడు మీ సీడీ, ల్యాప్‌టాప్, వేరే ఒక సీడీ డ్రైవు పట్టుకెళ్లండి. ఒక డ్రైవు చదవలేనిది ఇంకొకటి చదవగలదు. తుడవాల్సి వస్తే మెత్తటి గుడ్డతో నడుమ నుంచి అంచు వైపు నేరుగా తుడవాలి. గుండ్రంగా తిప్పి తుడిస్తే పడే గీత ట్రాకు వెంబడే సాగుతుంది, సరిదిద్దే బైట్లకు అదే గడ్డు పరీక్ష.

డీడీరెస్క్యూ అనే పరికరం ఎక్కించుకోండి. అది సీడీని ముక్కముక్కగా చదివి, ఎక్కడ చదవలేకపోయిందో ఒక పటంలో రాసుకుంటుంది. తరువాత రెండో సీడీ పెట్టి అదే పటం ఇస్తే, ఖాళీలు మాత్రమే దాని నుంచి నింపుతుంది. రెండు సీడీలూ ఒకే మూలం నుంచి అచ్చు వేసినవైతేనే ఇది కుదురుతుంది. ఆయనదీ దెబ్బతిని ఉండవచ్చు. ఇద్దరివీ ఒకే చోట చెడకూడదని కోరుకుందాం.

పానగల్లు · జనవరి 19, రాత్రి 11:35

దేవరకొండ, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా బస్సులు మారి వనపర్తి చేరేసరికి మధ్యాహ్నమైంది. మాస్టారు సీడీని పంచాంగాల బొత్తిలో దాచారు. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా పెట్టి చూడలేదట. "నా దగ్గర వాయించేది ఎక్కడుంది? మీ బాబాయి దాచమన్నాడు, దాచాను" అన్నారు.

ఆయన సీడీ కూడా దెబ్బతిన్నది. మా దానిలో 14 సెక్టార్లు చదవలేదు, ఆయన దానిలో 9. భోజనం పెట్టారు, తినలేకపోయాను. పటంలో చూస్తే మా ఖాళీలు ఒక చోట, ఆయనవి మరో చోట. రెండో సీడీ తిరిగింది, పధ్నాలుగు ఖాళీలూ నిండాయి. ఏడో ఫైలుకు ఎండీ5 లెక్క కట్టి మాస్టారి చేతికి బాబాయి రాసిన వరుస ఇచ్చాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకొని ఒక్కో అక్షరం పైకి చదువుతుంటే నేను తెర మీద చూస్తూ కూర్చున్నాను. 32 సరిపోయాయి.

ఏడు నిమిషాల ఇరవై సెకన్ల తరువాత ఏముందో చెబుతాను. పెద్దాయన పాడుతూ ఉంటాడు. దూరంగా ఒక ఆడమనిషి "కరెంటు వచ్చింది" అని కేక వేస్తుంది. బోరు మోటారు పట్టుకుంటుంది. ఆ వెంటనే పైపు నుంచి తొట్టిలోకి నీళ్లు పడే చప్పుడు, మైకు పక్కనే. కిన్నెర ఆగిపోతుంది. బిందెల మోత, పరుగులు, పిల్లల అరుపులు. పెద్దాయన కూడా లేచి వెళ్లినట్టున్నాడు. నాలుగు నిమిషాల పైన ఉత్త నీళ్ల చప్పుడే. చివర్లో ఎవరో దగ్గి, కిన్నెర తీగ ఒకసారి సవరించి, ఆపిన చోట అందుకుంటారు. అక్కడితో పన్నెండు నిమిషాలు అయిపోతాయి.

బాబాయి ఏదీ కత్తిరించలేదని రాసింది దీని గురించేనేమో.

అక్షరమాల · జనవరి 19, రాత్రి 11:58

43 మెగాబైట్ల నీళ్లు!

మైకుసెట్టు · జనవరి 20, ఉదయం 6:45

వాన కాదు, బోరు. ఓటమి ఒప్పుకుంటున్నాను. అయినా నీళ్లే కదా.

ఆ నాలుగు నిమిషాలు కత్తిరించి పాట వరకు ఉంచితే వినేవాళ్లకు బాగుంటుంది. ఊరికే సలహా.

గద్వాల_జరీ · జనవరి 20, ఉదయం 7:20

కత్తిరించవద్దు. ఆ ఏడాది మా ఊళ్లో కరెంటు రాత్రి రెండింటికి వస్తే ఇల్లు ఇల్లంతా లేచేది. మీకు అది హోరు, నాకు మా అమ్మ బిందె చప్పుడు.

పిల్లలమర్రి · జనవరి 20, ఉదయం 8:30

మూలం ఫ్లాక్‌లో ఉన్నది ఉన్నట్టు ఉంచండి. ఫ్లాక్ తన లోపలే ధ్వని వేలిముద్ర పెట్టుకుంటుంది, మళ్లీ ఎవరూ 32 అక్షరాలు పైకి చదవాల్సిన పని ఉండదు. షార్టెన్ ఫైళ్లు, బాబాయి నోటు, ఎండీ5 జాబితా కూడా అదే సంచిలో వేయండి. మూడు ప్రతులు, మూడు ఊళ్లలో. ఒకటి నా దగ్గర ఉంచుతాను. మా ఇంట్లో అటక లేదు, కాబట్టి కనబడే చోటే ఉంటుంది.

ఇంకొక మాట. అందరికీ పెట్టేముందు ఆ పెద్దాయన ఇంటివాళ్లను అడగండి. పాట వాళ్లది.

పానగల్లు · జనవరి 24, సాయంత్రం 6:10

మాస్టారి ద్వారా ఆ ఊరికి కబురు పెట్టాను. పెద్దాయన పోయి చాలా ఏళ్లయింది. మనవడు ఫోను చేశాడు. ఆటో నడుపుతాడు. తాత గొంతు తన దగ్గర ఎక్కడా లేదన్నాడు, కిన్నెర మాత్రం ఇంట్లో గోడకు వేలాడుతోందట, సొరకాయ బుర్ర ఒకటి పగిలింది. పాటలు అందరూ వినడానికి అభ్యంతరం లేదు గానీ తాత పేరు వేయాలన్నాడు. వేస్తాను.

42 మెగాబైట్ల ఫ్లాక్ లింకు పంపాను. తన ఫోనులో చోటు లేదట, ఆటోలో పెట్టుకొని వినడానికి చిన్నది ఏదైనా వాట్సాప్‌లో పంపమని అడుగుతున్నాడు. ఏం చేయమంటారు సార్?

పిల్లలమర్రి · జనవరి 24, రాత్రి 7:02

ఎంపీత్రీ చేసి పంపండి. ఫైలు పేరులో "వినడానికి మాత్రమే" అని రాయండి.

డిండి_ఒడ్డు · జనవరి 24, రాత్రి 7:04

ఈ మాట నేను మొదటి రోజే చెప్పాను.